తొమ్మిది పాయింట్ల వెనక

అందరికీ నమస్కారం.

అంతర్జాతీయ పరీక్షల్లో అబ్బాయిలు లెక్కల్లో ఎలా ఉన్నారో మాట్లాడమన్నారు. ఇందాక వరండాలో ఒక మాస్టారు నన్ను ఆపి, "అందులో చెప్పడానికేముందండీ, లెక్కలంటే అబ్బాయిలదే కదా పైచేయి" అన్నారు. ఆయన మాట తప్పేమీ కాదు గానీ, అది సగం మాటే. మిగతా సగం కోసమే వచ్చాను.

నేను ఎక్కువగా పీసా గురించే మాట్లాడతాను. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2000 నుంచి నడుపుతున్న పరీక్ష అది. పదిహేనేళ్ల పిల్లలు రాస్తారు. మూడేళ్లకోసారి జరిగేది, కోవిడ్ వల్ల 2021లో జరగాల్సింది 2022కు వాయిదా పడింది. ఆసారి 81 దేశాలు, ప్రాంతాల నుంచి దాదాపు 6,90,000 మంది రాశారు. ఇది సిలబస్ పరీక్ష కాదు. నేర్చుకున్న లెక్క వేరే వేషంలో ఎదురొస్తే పిల్లవాడు గుర్తుపడతాడా, లేదా అన్నదే చూస్తారు.

2022లో గణితంలో ఓఈసీడీ దేశాల సగటు 472. అబ్బాయిలు అమ్మాయిల కన్నా 9 పాయింట్లు ముందున్నారు. 20 పాయింట్లంటే సుమారు ఒక ఏడాది చదువని ఓఈసీడీయే చెబుతుంది. అంటే మనం ఇంత గొప్పగా చెప్పుకునే పైచేయి అర ఏడాది పాటి కూడా లేదు. చదివి అర్థం చేసుకోవడంలో అమ్మాయిలు 24 పాయింట్లు ముందున్నారు, దాని గురించి మాత్రం వరండాలో ఎవరూ ఆపి చెప్పరు. పోనీ ఆ 9 అయినా అన్నిచోట్లా ఉందా? ఇటలీలో తేడా 21 దాకా ఉంది. 81 చోట్లలో 40 చోట్ల అబ్బాయిలు ముందుంటే, 17 చోట్ల అమ్మాయిలు ముందున్నారు. మిగతా 24 చోట్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐస్‌లాండ్‌లోనైతే 2003లోనే అమ్మాయిలు 15 పాయింట్లు ముందున్నారు. పుట్టుకతో వచ్చే గుణమైతే దేశం మారగానే ఇలా తిరగబడదు కదా.

సరే, సగటును పక్కన పెడదాం. పీసా పిల్లల్ని స్థాయిలుగా విడదీస్తుంది. 420 పాయింట్లు దాటితే రెండో స్థాయి, 607 దాటితే ఐదు, 669 దాటితే ఆరు. రెండో స్థాయిని కనీస సామర్థ్యం అంటారు. ఒక ఊరికి రెండు దారులుంటే ఏది ఎంత దూరమో పోల్చడం, ఒక దేశపు డబ్బును ఇంకో దేశపు డబ్బులోకి మార్చడం, అంతే. 2022లో ఓఈసీడీ దేశాల పిల్లల్లో 31 శాతం ఆ గీత దాటలేదు. అబ్బాయిల్లోనూ ఇంచుమించు అంతే. పై స్థాయిల్లో చూస్తే అబ్బాయిలే ఎక్కువ. సగటును పైకి లాగేది ఆ కొద్దిమందే. వాళ్లను చూసి మనం మురిసిపోతుంటే, ప్రతి ముగ్గురిలో ఒకడు వెనక బెంచీలో కూర్చుని లెక్కలోకే రాకుండా పోతున్నాడు.

పీసా బయటపెట్టిన పాత ప్రశ్న ఒకటి చెబుతాను. నడిచే మనిషి పాదముద్రల బొమ్మ ఉంటుంది. నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను అడుగు పొడవుతో (మీటర్లలో) భాగిస్తే 140 వస్తుందని సూత్రం ఇచ్చారు. ఒకతను నిమిషానికి 70 అడుగులు వేస్తాడు. అతని అడుగు పొడవెంత?

దీన్ని మా క్లాసులో ఇచ్చాను. అర నిమిషం కాకముందే ఒకబ్బాయి చెయ్యెత్తాడు. "రెండు సార్!" ఎలా వచ్చిందిరా అంటే, "140ని 70తో భాగించాను సార్" అన్నాడు. భాగహారం తప్పు లేదు. నేల మీద సుద్దముక్కతో రెండు మీటర్ల గీత గీసి, ఒక్క అడుగులో దాటమన్నాను. కాలు చాపాడు, అందలేదు. పక్కవాళ్లు నవ్వారు. వాడు మళ్లీ కాగితం దగ్గరికెళ్లి సూత్రాన్ని ఈసారి వేలు పెట్టి చదివాడు. 0.5 అని రాశాడు. వాడికి రానిది లెక్క కాదండీ, చదివేటప్పుడు ఆగడం రాలేదు. అన్నట్టు ఈ ప్రశ్న పీసా కొలతలో ఐదో స్థాయిది, చూస్తే అలా అనిపించదు!

చదవడంలో అబ్బాయిలు వెనకబడటాన్నీ, లెక్కల్లో అడుగున ఉండిపోవడాన్నీ అందుకే నేను విడదీసి చూడను. 2012 పీసాలో గణితం, చదవడం, సైన్సు మూడింటిలోనూ కనీస స్థాయి అందుకోనివాళ్లు అబ్బాయిల్లో 14 శాతం, అమ్మాయిల్లో 9 శాతం. హోంవర్క్ మీద అబ్బాయిలు అమ్మాయిల కన్నా వారానికి ఒక గంట తక్కువ కూర్చుంటున్నారని కూడా అప్పుడే తేలింది. లెక్కలంటే టెన్షన్ ఉందని అమ్మాయిలు ఎక్కువగా చెబుతారు. అబ్బాయిలు తక్కువగా చెబుతారు. భయం లేకనా, చెప్పుకోవడం నామోషీ అనిపించా? నా అనుభవంలో రెండోదే ఎక్కువ. "వాడు తెలివైనవాడే, కాస్త అశ్రద్ధ" అని మనమే ఒక దుప్పటి కప్పేస్తాం. వాడూ హాయిగా దాని కింద దాక్కుంటాడు.

ఇంకొక్క సంగతి. పీసా రాసేది బడిలో ఉన్నవాళ్లే, అదీ ఏడో తరగతికి తగ్గకుండా చదువుతున్నవాళ్లు. పదిహేనేళ్లకే బడి మానేసి పనిలోకి వెళ్లినవాడికి ఏ స్థాయీ ఉండదు. అందువల్ల ఒక దేశంలో కనీస స్థాయి అందుకోని అబ్బాయిలు తక్కువగా కనిపిస్తే సంబరపడే ముందు, అక్కడ ఎంతమంది బడిలో మిగిలారో చూడండి.

ప్రశ్నలకు ముందు పదినిమిషాలు విరామం ఉందట. ఆ నడక ప్రశ్నలో రెండో భాగం బోర్డు మీద రాశాను. అదే సూత్రం, అడుగు పొడవు 0.80 మీటర్లు, వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు? చేసి చూడండి. సమాధానం నాకు చెప్పక్కర్లేదు, మీ క్లాసులో పిల్లలు ఏ మెట్టు దగ్గర జారిపడతారో అది మాత్రం చీటీ మీద రాసి ఇవ్వండి.