పద్మనాభం గారు సంపాదించిందంతా ఎక్కడికి పోయింది?

నమస్తే అండీ. పాతాళభైరవి చూసినవాళ్ళకి నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజప గుర్తుంటాడు కదా, ఆ కుర్రాడే మన పద్మనాభం. 1951లో ఆ సినిమా వచ్చేనాటికి ఆయనకి ఇరవయ్యేళ్ళు కూడా నిండలేదు. కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టి, చిన్నప్పుడే పద్యాలూ పాటలూ అంటూ మద్రాసు చేరితే నటి కన్నాంబ గారు చేరదీశారు, 1945లో మాయాలోకంలో చిన్న వేషం దొరికింది. అక్కడ్నుంచి కామెడీ వేషాలు వరసపెట్టి వచ్చాయి, బాగానే సంపాదించారు.

మరి ఆ డబ్బేమైంది? సినిమాల్లోనే పెట్టారండీ.

(స్క్రీన్ మీద: దేవత పోస్టర్, 1965)

రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ అని బ్యానర్ పెట్టి ఎన్టీఆర్, సావిత్రి గార్లతో దేవత తీశారు, తర్వాత పొట్టి ప్లీడరు, ఆ తర్వాత 1967లో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న. ఇందులోనే కోదండపాణి గారి సంగీతంలో ఎస్పీ బాలు అనే ఇంజనీరింగ్ స్టూడెంట్ మొదటిసారి సినిమాకి పాడాడు. ఇప్పుడు పద్మనాభం అంటే చాలామంది బాలుకి ఛాన్స్ ఇచ్చినాయన అని అక్కడితో ఆపేస్తారు, నాకు అది చాలా అన్యాయం అనిపిస్తుంది. ఎందుకంటే 1970లో ఈయనే డైరెక్ట్ చేసి, వాణిశ్రీ గారితో కుమ్మరి ఇంటి కవయిత్రి మొల్ల కథ తీశారు, కథానాయిక మొల్ల, దానికి ఉత్తమ చిత్రంగా బంగారు నంది వచ్చింది. నవ్వించి బతికే మనిషి, చేతిలో డబ్బుంటే సేఫ్‌గా ఇంకో కామెడీ తీసుకోవచ్చు, మొల్లని ఎంచుకున్నారంటే ఆయన అభిరుచి ఏంటో చూడండి.

ఇక్కడ డబ్బు లెక్క కొంచెం అర్థం చేసుకోవాలి. అప్పట్లో నిర్మాత ఫైనాన్షియర్ దగ్గర అప్పు తెస్తే సినిమా నెగటివ్ మీదే, అంటే ప్రింట్లు తీసే అసలు రీలు మీదే తెచ్చేవాడు, నెగటివ్ ల్యాబ్‌లో ఉంటుంది, బాకీ తీరితేగానీ ప్రింట్లు బయటికి రావు, రిలీజ్ లేటయ్యేకొద్దీ వడ్డీ పెరుగుతుంది. పెద్ద హీరో అయితే ఒక సినిమా పోయినా ఇంకో సినిమాకి తన డేట్లు చూపించి మళ్ళీ డబ్బు పుట్టించగలడు, కమెడియన్‌కి ఆ వెసులుబాటు లేదు, వేషానికి ఇంత అని వచ్చేదే, దాంతోనే అప్పూ తీర్చాలి ఇల్లూ నడవాలి.

పద్మనాభం గారు అప్పుల్లో కూరుకుపోయారు, ఆస్తులు పోయాయి. సరిగ్గా అదే టైంలో ఇంకో కమెడియన్ రాజబాబు గాలి వీస్తోంది, ఈయనకి వేషాలు తగ్గుతూ వచ్చాయి, అంటే అప్పు పెరిగేటప్పుడే సంపాదన పడిపోయింది, అసలు దెబ్బ అదే. అయినా ఆయన నటన మానలేదండీ, చిన్న వేషమైనా వేస్తూనే వచ్చారు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో పోయారు.

కథానాయిక మొల్ల చూడనివాళ్ళు ఈ వారం తప్పకుండా చూడండి, టైటిల్స్‌లో దర్శకుడి పేరు దగ్గర ఒక్కసారి ఆగండి. ఆయన వేషాల్లో మీకు బాగా నచ్చింది ఏదో కింద రాయండి, ఉంటానండీ.