రౌటర్‌కి మినీ యూపీఎస్: డబ్బా మీది అంకె చూసి కొనకండి

నమస్తే అండి. ఈ డబ్బా మీద ఏం రాసుందో ముందు చదువుతా, వినండి. '12 వోల్ట్‌లు, 6000 ఎంఏహెచ్, 4 గంటల వరకు బ్యాకప్.' ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె. ఈ డబ్బాని మినీ యూపీఎస్ అంటున్నారు. పనల్లా ఒకటే, కరెంటు పోయినప్పుడు వైఫై రౌటర్ ఆగిపోకుండా చూడటం. వెయ్యి నుంచి పదిహేను వందల్లో దొరుకుతోంది. బ్రాండ్ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఇదే డబ్బా ఆన్‌లైన్‌లో నాలుగైదు పేర్లతో తిరుగుతోంది. విప్పి చూస్తే అన్నిట్లోనూ ఇంచుమించు ఇదే సరుకు.

విప్పేద్దాం. నాలుగు స్క్రూలు, అంతే. ఇవిగోండి, మూడు 18650 సెల్స్, అంటే వేలెడంత గుండ్రటి లిథియం బ్యాటరీలు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండేవే. పక్కన చిన్న ప్రొటెక్షన్ బోర్డు. ఒక్కో సెల్ 2000 ఎంఏహెచ్, మూడు కలిపితే 6000. అబద్ధమేం రాయలేదు. కానీ ఆ 6000 అనేది ఒక్క సెల్ వోల్టేజ్ దగ్గర, అంటే 3.7 దగ్గర లెక్క. పక్కనే 12 వోల్ట్‌లు అని రాసుంది కాబట్టి మనం ఏమనుకుంటాం? 12 వోల్ట్‌ల దగ్గర 6000 అనుకుంటాం. ఎన్ని బిందెలో చెప్పి, బిందె సైజు చెప్పకపోవడం లాంటిది ఇది.

అసలు చూడాల్సింది వాట్ అవర్, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి ఉందో చెప్పే లెక్క. 6000 ఎంఏహెచ్ అంటే 6 ఆంప్ అవర్లు. 3.7 వోల్ట్‌లు ఇంటూ 6 ఆంప్ అవర్లు, 22.2 వాట్ అవర్లు. మీరు అనుకున్నట్టు 12 ఇంటూ 6 అయితే 72 వచ్చేది. మూడు రెట్లకి పైనే తేడా. కొన్ని డబ్బాల మీద వెనకవైపు చిన్న అక్షరాల్లో వాట్ అవర్ రాస్తారు, అది వెతకండి. ఎక్కడా లేదంటే ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి.

ఇప్పుడు రౌటర్ ఎంత తింటుంది? అడాప్టర్ మీద 12 వోల్ట్‌లు 1 ఆంప్ అని ఉంటే 12 వాట్లు తింటుందనుకుంటాం. అది అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం, రౌటర్ తీసుకునేది కాదు. మా ఇంట్లో ఫైబర్ కంపెనీ వాళ్లు పెట్టిన పెట్టెకి మధ్యలో మీటర్ పెట్టి చూశా. అర ఆంప్ దగ్గర ఆడుతోంది, అంటే 6 వాట్లు. మధ్యలో కొంత వృథా పోను 22లో 19 చేతికొస్తాయి అనుకుంటే, మూడు గంటల చిల్లర. నిజంగా నడిపినా అంతే వచ్చింది. ఫైబర్ పెట్టె ఒకటి, దాని వెనక మీ సొంత రౌటర్ ఇంకొకటి, రెండూ దీని మీదే వేశారా, గంటన్నర. డబ్బా మీది నాలుగు గంటలు బాగా తక్కువ తినే చిన్న రౌటర్‌కి రావచ్చు.

స్విచ్ అయ్యే తీరు మాత్రం నాకు బాగా నచ్చింది. పింగ్ నడుపుతూ, అంటే నెట్‌కి వరసగా చిన్న చిన్న ప్యాకెట్లు పంపి జవాబు వస్తోందో లేదో చూస్తూ, ప్లగ్ పీకేశా. ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. మెయిన్స్, బ్యాటరీ రెండూ ఇందులో డీసీ వైపే కలుస్తాయి కాబట్టి మధ్యలో గ్యాప్ ఉండదు.

"మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఇదెందుకు" అంటారు. రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉండి, కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అవ్వట్లేదంటే నిజంగానే మీకు అక్కర్లేదు. వీడియో ఇక్కడే ఆపేయొచ్చు. రీస్టార్ట్ అవుతోందంటే ముందు ఇన్వర్టర్ వెనక ఒక స్విచ్ చూడండి, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఉంటుంది. చాలా ఇళ్లలో నార్మల్‌లోనే ఉంచేస్తారు. అందులో ఇన్వర్టర్ మీదికి మారడానికి ఎక్కువ టైం పడుతుంది. ఫ్యాన్‌కి అది తెలియదు, రౌటర్‌కి తెలుస్తుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టి చూడండి, పైసా ఖర్చు లేకుండా తేలిపోవచ్చు. మీ ఊళ్లో లో వోల్టేజ్ ఎక్కువైతే మాత్రం ఆ మోడ్‌లో ఇన్వర్టర్ ఊరికే బ్యాటరీ మీదికి పోతుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. మీ రౌటర్ వెలుగుతూ ఉన్నంత మాత్రాన నెట్ వస్తుందని గ్యారంటీ లేదు. అది మీ ఇంటికొచ్చే వైరుని బట్టి ఉంటుంది.

సన్నటి ఫైబర్ వైరు నేరుగా ఇంట్లోకొచ్చి పెట్టెలో దూరుతోందా? అయితే మంచిది. కేబుల్ ఆయన కంట్రోల్ రూమ్‌లో ఓఎల్‌టీ అని ఒక మెషీన్ ఉంటుంది, ఫైబర్‌లోకి వెలుతురు పంపేది అదే. అక్కణ్నుంచి మీ ఇంటిదాకా మధ్యలో ఉండే స్ప్లిట్టర్లు, అంటే ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచేవి, అన్నీ ఉత్త గాజే, వాటికి కరెంటే అక్కర్లేదు. మీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలినా లైన్‌కి ఏమీ కాదు. ఆ కంట్రోల్ రూమ్‌లో బ్యాకప్ ఉంటే చాలు.

అలా కాకుండా స్తంభం మీదున్న పెట్టె నుంచి లావుపాటి ల్యాన్ కేబుల్ మీ ఇంటికి లాగారా? ఆ పెట్టెలో నెట్‌వర్క్ స్విచ్ ఉంటుంది, అంటే ఒక లైన్‌ని చాలా ఇళ్లకి పంచే మెషీన్, దానికి కరెంటు కావాలి. ఆ కరెంటు చాలాచోట్ల ఎవరో పక్కింటివాళ్ల మీటర్ నుంచి వస్తుంటుంది. వీధికి కరెంటు పోతే ఆ స్విచ్ పోతుంది, మీ యూపీఎస్ మాత్రం మీ వైఫైని దర్జాగా నడిపిస్తుంటుంది, నెట్ లేకుండా. ఇలాంటి కనెక్షన్ ఉన్నవాళ్లు ముందు కేబుల్ ఆయన్ని అడగండి, ఆ తర్వాతే డబ్బులు పెట్టండి. లేదా అదే వీధిలో ఇన్వర్టర్ ఉన్న ఇంటివాళ్లని అడగండి, కరెంటు లేనప్పుడు మీకు నెట్ వస్తోందా అని. కంపెనీ వాడి కంటే వాళ్లే కరెక్ట్‌గా చెప్తారు.

ఫైబర్ వాళ్లకి ఒక చిన్న చిట్కా. పెట్టె మీద ఎల్ఓఎస్ అని ఒక లైటు ఉంటుంది. కరెంటు పోయాక అది ఎర్రగా కొట్టుకుంటోందంటే అవతల నుంచి వెలుతురే రావట్లేదన్నమాట. ఫైబర్ తెగి ఉండాలి, లేదంటే కంట్రోల్ రూమ్‌లో కరెంటు పోయి ఉండాలి. కరెంటు పోయిన ప్రతిసారీ అలాగే అవుతోందంటే తప్పు మీ యూపీఎస్‌ది కాదు, కంట్రోల్ రూమ్‌లో బ్యాకప్ లేదని అర్థం.

కొనేముందు రౌటర్ అడుగున వోల్టేజ్ చూడండి. 9 వోల్ట్‌లవీ ఉన్నాయి, 5 వోల్ట్‌లవీ ఉన్నాయి. వాటికి 12 తగిలిస్తే పోతాయి. పిన్ను సైజు కూడా చూసుకోవాలి. ఎక్కువ రౌటర్లకి 5.5 బై 2.1 మిల్లీమీటర్ల పిన్ను, కొన్నిటికి 2.5. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, లూజుగా ఉంటే చెయ్యి తగిలినప్పుడల్లా ఆగిపోతుంది.

ఇందులో మోసం అననుగానీ, పొదుపు ఒకటి చేశారు. చార్జర్ వేరే ఇవ్వరు, మీ రౌటర్ అడాప్టర్‌నే దీనికి గుచ్చాలి. ఆ 1 ఆంప్‌లో సగం రౌటర్ తింటే మిగిలిన సగంతో బ్యాటరీ నిండాలి. నాలుగైదు గంటలు పడుతుంది. చెట్ల కొమ్మలు కొట్టడానికి పొద్దున సప్లై ఆపి, సాయంత్రం గాలివానకి మళ్లీ పోయిందనుకోండి, రెండోసారి పూర్తి బ్యాకప్ ఆశించకండి.

వోల్టేజ్ కూడా స్థిరంగా ఉండదు. మూడు సెల్స్ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి నిండుగా ఉన్నప్పుడు మొత్తం 12.6, ఖాళీ అవుతున్నకొద్దీ పదికి, ఇంకా కిందికి జారుతుంది. రౌటర్ లోపల ఎలాగూ దాన్ని 3.3 వోల్ట్‌లకో ఇంకా తక్కువకో తగ్గించుకుంటుంది కాబట్టి పెద్దగా పట్టించుకోదు. కానీ సీసీ కెమెరాల డీవీఆర్‌ని, అంటే రికార్డు చేసే పెట్టెని, దీని మీద వేయకండి. అందులోని హార్డ్ డిస్క్ మోటార్ నడిచేది 12 వోల్ట్‌ల మీదే, వోల్టేజ్ జారితే దానికి మంచిది కాదు. డీవీఆర్‌కి 230 వోల్ట్‌ల మామూలు యూపీఎస్సే పెట్టండి.

ఎండాకాలం గురించి ఒక మాట. లిథియం సెల్‌కి రెండంటే పడదు, ఎప్పుడూ ఫుల్ చార్జ్‌లో ఉండటం, వేడి. ఈ డబ్బాకి రెండూ రోజూ ఉంటాయి. రెంటచింతల, రామగుండం లాంటి చోట మేలో రేకుల గదిలో పెట్టారంటే బ్యాకప్ తొందరగా తగ్గిపోతుంది. రౌటర్ నెత్తిన పెట్టకండి, దాని వేడి కూడా తోడవుతుంది. బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అన్న నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే చవగ్గా వస్తున్నా నేనైతే తీసుకోను.

పవర్ బ్యాంక్‌తో నడపొచ్చా అంటే, నడపొచ్చు. 5 వోల్ట్‌లని 12 చేసే కేబుల్ రెండు మూడు వందల్లో వస్తుంది. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 37 వాట్ అవర్లు, ఈ డబ్బా కంటే ఎక్కువే. ఇంట్లో ఖాళీగా పడి ఉంటే హాయిగా వాడుకోండి. కాకపోతే కరెంటు పోయాక మీరే లేచి గుచ్చాలి, రౌటర్ ఒకసారి రీస్టార్ట్ అవుతుంది. ఇంటి నుంచి పనిచేస్తూ మీటింగ్ మధ్యలో ఉన్నవాళ్లకి అది కుదరదు, వాళ్లు ఈ డబ్బా కొనుక్కోండి. రాత్రిపూట ఫోన్‌లో రీల్స్ చూసుకునేవాళ్లకి మొబైల్ డేటా ఉంది కదా, పదిహేను వందలు ఎందుకండీ.

మీ ఊళ్లో కరెంటు పోయినప్పుడు మీ నెట్ బతుకుతుందా, చస్తుందా? ఊరి పేరు, ఫైబరా ల్యాన్ వైరా, ఈ రెండూ కామెంట్‌లో రాయండి. అదే ఊళ్లో కనెక్షన్ తీసుకోబోయేవాళ్లకి పనికొస్తుంది.