గాగ్యా గుణింతం: కొరియా ఆడవాళ్లు చదవడం నేర్చిన కథ

[తెరపై: పాతబడిన కాగితం. దాని మీద గళ్లు గళ్లుగా కొరియా అక్షరాలు.]

ఈ కాగితాన్ని కాసేపు చూడండి. మొదటి వరుస గా, గ్యా అంటూ మొదలై గి దగ్గర ఆగుతుంది. రెండో వరుస నా, న్యా. ఎక్కడో విన్నట్టు లేదూ? అచ్చం మన గుణింతమే. ఒక హల్లును పట్టుకుని, అచ్చులన్నిటినీ వరసగా దానికి తగిలించడమే.

హంగుల్ అనే ఈ లిపిని 1446లో సెజాంగ్ రాజు లోకానికి ప్రకటించాడు. తెలివైనవాడు ఒక్క ఉదయం గడిచేలోపు, మందబుద్ధి పది రోజుల్లో నేర్చుకోగలడని అప్పట్లోనే రాసుకున్నారు. అయినా పండితులు చీనా లిపిని వదల్లేదు. దీన్ని మాత్రం ఆడవాళ్ల రాత అని ఎగతాళి చేశారు. గొప్పింటి ఆడవాళ్లు కొందరు ఇందులో ఉత్తరాలు రాసుకునేవారు, కథలు చదువుకునేవారు. పేదింటి ఆడవాళ్లకు అదీ లేదు.

[తెరపై: కొరియా, మంచూరియా సరిహద్దు పటం.]

స్కాట్లాండ్ మిషనరీ జాన్ రాస్ మంచూరియాలో కొరియా వర్తకులను కూర్చోబెట్టుకుని లూకా సువార్తను అనువదించి 1882లో అచ్చు వేయించాడు. వాడింది ఈ ఆడవాళ్ల రాతనే. 1893లో ప్రెస్బిటేరియన్ మిషనరీలు ఏకంగా నియమమే పెట్టుకున్నారు: పుస్తకాలన్నీ ఈ లిపిలోనే ఉండాలి, ఆడవాళ్ల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. వాళ్ల లెక్క సూటిగానే ఉంది. తల్లి మతం మారితే పిల్లలూ వస్తారు. ఇది ఉత్త అక్షరదానం అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

కానీ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లేదెలా?

[తెరపై: గది మధ్య వేలాడే తెర. దానికి ఒక రంధ్రం.]

1890లలో ప్యాంగ్‌యాంగ్ దగ్గర జొన్ సమ్‌డొక్ అనే ఆవిడ బాప్తిస్మం తీసుకోవాలనుకుంది. పరాయి మగవాడికి ముఖం చూపించకూడదు. అందుకని గది మధ్యలో తెర కట్టారు. తల పట్టేంత రంధ్రం చేశారు. ఆవిడ అందులోంచి తల మాత్రం బయటపెట్టింది. మిషనరీ ఇవతలినుంచి నీళ్లు చల్లాడు.

అలాంటి ఇళ్లలోకి మగవాళ్లు అడుగుపెట్టలేరు కదా! అందుకే బైబిలు స్త్రీలు వచ్చారు. మన తెలుగు జిల్లాల మిషన్లలోనూ ఇదే పేరుతో ఉండేవారు. వాళ్లు స్థానిక స్త్రీలే, చాలామంది నడివయసువాళ్లు, వితంతువులు. చంకలో పుస్తకాలతో ఇంటింటికీ తిరిగి, వంటింట్లో కూర్చుని ఈ గాగ్యా గుణింతం చెప్పేవారు. చరిత్ర పుస్తకాలు విదేశీ దొరసానుల పేర్లు భద్రంగా దాచుకున్నాయి. ఊరూరా కాళ్లరిగేలా తిరిగిన వీళ్లలో చాలామంది పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు.

అసలు పేరు ఉంటేగా! ఎందరో స్త్రీలను ఫలానావాడి తల్లి అనో, ఫలానా ఊరి ఆవిడ అనో పిలిచేవారు. బాప్తిస్మం రోజునే వాళ్లకు పేరంటూ వచ్చింది.

[తెరపై: నెత్తిన మూటలతో మట్టిదారిలో నడిచే స్త్రీలు.]

ఏటా ఆడవాళ్లకు ప్రత్యేకంగా పాఠాల శిబిరాలు పెట్టేవారు. తిండి ఖర్చు మిషన్ ఇచ్చేది కాదు. తినడానికి కావలసిన బియ్యం మూటగట్టి నెత్తిన పెట్టుకుని మైళ్లకు మైళ్లు నడిచి వచ్చేవారు.

అందరూ నమ్మి వచ్చారా? లేదు. 1886లో అమెరికా మిషనరీ మేరీ స్క్రాంటన్ సియోల్‌లో ఆడపిల్లల బడి తెరిస్తే మొదట ఒక్కరే చేరారు. ఆ తర్వాత ఒక పేదింటి తల్లి కూతుర్ని తెచ్చింది. విదేశీయులు పిల్లను ఎత్తుకుపోతారని ఊళ్లో పుకారు. ఆ తల్లికి ధైర్యం చెప్పడానికి, పిల్లను దేశం దాటించనని స్క్రాంటన్ కాగితం మీద రాసివ్వాల్సి వచ్చింది. ఆ బడే నేటి ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయం.

[తెరపై: మళ్లీ మొదటి కాగితం.]

1910లో కొరియా జపాన్ పాలనలోకి వెళ్లింది. సొంత భాషను కాపాడుకోవాలన్న పట్టుదల పెరిగింది. 1926లో పండితులు ఈ లిపికి మొదటిసారి పండుగ చేశారు. తమ పూర్వులు ఆడవాళ్ల రాతని నవ్విన ఆ లిపికే! ఆ పండుగకు వాళ్లు పెట్టుకున్న పేరు గాగ్యా దినం.