రాజుగారి పొడుం డబ్బీ

అందరికీ నమస్కారం.

ముక్కుపొడుం పీల్చే తాతలను చూసినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. రేకు డబ్బీ, చిటికెడు పొడుం, వెంటనే తుమ్ము. 18వ శతాబ్దపు పారిస్‌లోనూ అలవాటు ఇదే. కాకపోతే డబ్బున్నవాళ్ల డబ్బీ బంగారంది.

దాన్ని ఎలా చేసేవారో చెబుతాను. ముందు బంగారంతో పంజరంలాంటి చట్రం కట్టేవారు. పైన, కింద, చుట్టూ పలచగా కోసి నునుపు పెట్టిన అగేట్, జాస్పర్, లాపిస్ లజూలీ అనే రంగురాళ్ల పలకలు బిగించేవారు. జపాన్ లక్క పెట్టెలను కోసి ఆ ముక్కలూ వాడారు, పాపం. బంగారంలోనూ రంగులుండేవి: రాగి కలిపితే ఎరుపు, వెండి కలిపితే లేత ఆకుపచ్చ. చూసేవాళ్ల కళ్లు రాళ్ల మీదికే పోతాయి గానీ, నన్నడిగితే అసలు పనితనమంతా మూత కీలులో ఉంది. మూస్తే సందు కనబడకూడదు. గాలి దూరితే పొడుం ఎండిపోతుంది.

మూత తెరిస్తే లోపల చిన్న ముద్రలుంటాయి. చేసినవాడి ముద్ర, కంసాలుల సంఘం ఏటా మార్చే అక్షరం, పన్ను వసూలుదార్ల ముద్రలు. పన్ను ముద్ర పని మధ్యలో ఒకటి, పన్ను కట్టాక ఇంకొకటి. అందుకే ఫ్రెంచ్ విప్లవానికి ముందరి పారిస్ పెట్టె ఏ కాలానిదో ఏడాది తేడాలో చెప్పేయొచ్చు. 1791లో సంఘాలు రద్దయ్యాయి. వషెట్ లాంటి పనిమంతులు మాత్రం రాజు పోయి నెపోలియన్ వచ్చినా పెట్టెలు చేస్తూనే ఉన్నారు.

ఇక అసలు సంగతి. రాయబారి చేతిలో రాజు నగదు పెడితే లంచం. తన బొమ్మ, చుట్టూ వజ్రాలు ఉన్న పెట్టె పెడితే మర్యాద! పుచ్చుకున్నవాళ్లకూ ఇది తెలుసు. చాలామంది దాన్ని నగల వర్తకుడికే తిరిగిచ్చి డబ్బు తీసుకునేవారు. అదే పెట్టె మళ్లీ ఇంకో రాయబారికి వెళ్లేది.

1785లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ, అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు 408 వజ్రాలు పొదిగిన తన చిత్రాన్ని ఇచ్చాడు. పెట్టె కాకపోయినా అదే కోవ బహుమతి. వజ్రాలతో నగలు చేయించుకోవద్దనే షరతుతో ఫ్రాంక్లిన్ దాన్ని కూతురికి రాశాడు. ఆమె నగలు చేయించుకోలేదు, కొన్ని వజ్రాలమ్మి యూరప్ చూసొచ్చింది. మాట తప్పలేదు కదా! ఆ చిత్రం ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉంది, వజ్రాలు చాలావరకు లేవు.

వజ్రాల పెట్టెలకు ఇదే గండం. ఊడదీసినా వజ్రానికి ధర తగ్గదు. అగేట్ పలకను ఊడదీస్తే ఎవరు కొంటారు? రాళ్ల పెట్టెలకు ఆ చవకతనమే కొంత రక్ష అయిందని నా అనుమానం.

ఇప్పుడు ఆ ధీమా కూడా లేదు. 2024 నవంబరులో పారిస్‌లోని కొన్యాక్-జే మ్యూజియంలో పట్టపగలు, సందర్శకుల ముందే, గొడ్డళ్లతో అద్దాలు పగలగొట్టి ఏడు పెట్టెలు ఎత్తుకుపోయారు.

సరే, లైట్లు తగ్గించండి, ఫొటోలు చూద్దాం. మొదటిది మూత లోపలి ముద్రలది.