మద్యం తాగి చేసిన ప్రమాదం: మోటారు బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?

సభకు నమస్కారం.

మద్యం మత్తులో జరిగిన ప్రమాదం గురించి న్యాయవాదుల దగ్గరకు వచ్చే కారు యజమానులు సాధారణంగా మొట్టమొదట అడిగే ప్రశ్న, ‘బండి రిపేరుకు క్లెయిమ్ వస్తుందా, రాదా?’ అన్నది. చాలా సందర్భాల్లో రాదనే చెప్పవలసి ఉంటుంది. అయితే ఆ నష్టం చిన్నది. అసలు నష్టం కొన్నేళ్ల తర్వాత, ఆ కారును తుక్కుకు అమ్మేసి సంగతే మరిచిపోయాక, కోర్టు అమీనా చేతిలోని కాగితంగా ఇంటి గుమ్మం ఎక్కుతుంది. నేను ప్రధానంగా మాట్లాడదలచుకున్నది దాని గురించే అయినా, ముందు బండి సంగతి తేల్చేద్దాం.

మనం సమగ్ర పాలసీ అని తీసుకునేదానిలో రెండు వేర్వేరు హామీలుంటాయి. మన కారుకు జరిగిన నష్టానికి ఇచ్చేది ఓన్ డ్యామేజ్. మన కారు వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి ఇచ్చేది థర్డ్ పార్టీ. మొదటిది మనకూ కంపెనీకీ మధ్య ఒప్పందం, రెండోది మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. ఓన్ డ్యామేజ్ భాగంలో కంపెనీ బాధ్యత వహించని సందర్భాల జాబితా ఒకటి ఉంటుంది. యజమాని గానీ, యజమానికి తెలిసి, ఆయన సమ్మతితో బండి నడుపుతున్న మరెవరైనా గానీ మద్యం లేదా మాదకద్రవ్యాల ప్రభావంలో ఉండగా జరిగిన నష్టం ఆ జాబితాలో ఉంది. ఇందులో సమ్మతి అన్నది బండి నడపడానికి ఇచ్చిన సమ్మతే తప్ప తాగడానికి ఇచ్చినది కాదు. కాబట్టి పెళ్లికి వెళ్లొస్తానని బావమరిది తాళాలు అడిగితే ఇచ్చి, ఇంట్లో నిద్రపోతున్న యజమానికి కూడా ఈ మినహాయింపు వర్తిస్తుంది. బంపర్ టు బంపర్ అనే అదనపు కవర్ తీసుకున్నాం కదా అని కొందరు ధీమాగా ఉంటారు; అది తరుగుదల కోత లేకుండా చేస్తుందే గానీ ఈ మినహాయింపును తొలగించదు. యజమానే నడుపుతూ మరణించినా, 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాకు కూడా ఇదే అడ్డు వస్తుంది.

‘బ్రీత్ అనలైజర్ పెట్టలేదు, రక్తం తీయలేదు, మరి తాగానని ఎలా నిరూపిస్తారు?’ అన్నది తర్వాతి వాదన. తాగి బండి నడపడాన్ని నేరంగా చూసే అదే చట్టం 185వ సెక్షన్ కింద శిక్ష వేయాలంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్నట్టు పరీక్షలో తేలాలి. బీమా వివాదం మాత్రం శిక్షకు సంబంధించినది కాదు. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర పెర్ల్ బెవరేజెస్ అనే సంస్థకు చెందిన పోర్షే కారు తెల్లవారకముందే ఫుట్‌పాత్‌ను ఢీకొని, బోల్తాపడి కాలిపోయింది. పరీక్షలేవీ జరగలేదు, ఆసుపత్రి రికార్డులో మద్యం వాసన వస్తున్నట్టు మాత్రం రాసి ఉంది. జాతీయ వినియోగదారుల కమిషన్ యజమాని పక్షాన తీర్పు ఇచ్చినా, ఇఫ్కో టోకియో వర్సెస్ పెర్ల్ బెవరేజెస్ కేసుగా 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. పరీక్ష జరగనంత మాత్రాన, మత్తును వేరే ఆధారాలతో నిరూపించే హక్కు కంపెనీకి లేకుండా పోదని తేల్చింది. అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఊండ్ సర్టిఫికెట్‌లో, అంటే గాయాల ధ్రువపత్రంలో, రాసే ఒక్క వాక్యానికి అంత బరువుంది. వాసన ఒక్కటే సరిపోతుందని మాత్రం నేను చెప్పడం లేదు. ఆ కేసులో ప్రమాదం జరిగిన తీరు కూడా దానికి తోడైంది.

మన దగ్గర వేళ్లూనుకున్న ఒక దురలవాటు గురించి ఇక్కడ చెప్పక తప్పదు. నడిపినవాడిని ఇంటికి పంపించి, జీతానికున్న డ్రైవరునో, తాగని తమ్ముడినో స్టేషన్లో కూర్చోబెట్టి, క్లెయిమ్ ఫారంలోని డ్రైవరు పేరు గడిలో ఆ పేరే రాయడం. నష్టాన్ని లెక్కగట్టే సర్వేయరు సీటు ఎంత వెనక్కి జరిపి ఉందో చూస్తాడు, గాయాలు ఎడమవైపున్నాయా కుడివైపున్నాయా అని చూస్తాడు, టోల్‌గేటు కెమెరా చూస్తాడు. అబద్ధం బయటపడితే క్లెయిమ్ పోవడమే కాదు, ఏ పాపం తెలియని మూడో మనిషితో సహా అందరి మీదా కొత్త క్రిమినల్ కేసు పడుతుంది. చట్టం 134వ సెక్షన్ డ్రైవరును చేయమంటున్నది వేరు: గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు తెలపడం, పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, స్థలం, గాయపడినవారి వివరాలతో బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం. మత్తులో ఉన్నా ఈ బాధ్యత తప్పదు.

మత్తు లేకపోయినా ఆ సాకుతో క్లెయిమ్ తిరస్కరించారనుకుంటే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా స్పందన లేకపోయినా, ఆ స్పందన తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు బీమా ఫిర్యాదులను పరిష్కరించే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది, రుసుము లేదు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇక అసలు విషయం. మన కారు ఢీకొన్న మనిషి చనిపోయినా, గాయపడినా ఆయన కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం కోరుతూ ఎం.వి.ఓ.పి. అనే పిటిషన్ దాఖలు చేస్తుంది. డ్రైవరు తాగి ఉన్నంత మాత్రాన ఆ కుటుంబం రోడ్డున పడకూడదన్నది న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న ధోరణి. కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని తీర్పు ఇస్తారు. 2004లో స్వరణ్ సింగ్ కేసు తీర్పు లైసెన్సుకు సంబంధించినదైనా ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది. 2023లో కేరళ హైకోర్టు మత్తు విషయంలోనూ ఇదే చెప్పింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 150వ సెక్షన్, కంపెనీ లేవనెత్తదగిన అభ్యంతరాలలో మద్యం మత్తును స్పష్టంగా చేర్చింది కాబట్టి, కంపెనీ న్యాయవాదులు ఇక దాన్ని వదలరు.

మరణించినది సంపాదనాపరుడైన యువకుడైతే పరిహారం లక్షల్లోనే కాదు, కొన్ని కేసుల్లో కోటి దాటుతుంది. వడ్డీతో కలిపి కంపెనీ చెల్లించిన ఆ మొత్తం యజమాని పేరున బాకీగా మారుతుంది. దాన్ని వసూలు చేసుకోవడానికి కంపెనీ వేరే దావా వేయనక్కర్లేదు. అదే ట్రిబ్యునల్లో ఇ.పి., అంటే తీర్పు అమలు పిటిషన్, వేసి ఇల్లు, పొలం జప్తు కోరవచ్చు. ఇది పాలసీ తీసుకున్నవాళ్లలో పదిమందిలో ఒకరికైనా తెలిసి ఉంటుందని నేను అనుకోను.

అన్నిటికన్నా విచారకరమైనది, ఈ బాకీలు చాలావరకు వాదన లేకుండానే నెత్తిన పడడం. ట్రిబ్యునల్ నుంచి సమన్లు వచ్చినప్పుడు యజమాని ‘ఇన్సూరెన్సు ఉంది కదా, వాళ్లే చూసుకుంటారు’ అనుకుని హాజరు కాడు. ఎక్స్‌పార్టీ అవుతాడు, అంటే ఆయన లేకుండానే విచారణ సాగిపోతుంది. ఆ గదిలో అప్పటివరకు తన పక్షాన ఉన్నాడనుకున్న కంపెనీ న్యాయవాది, డాక్టరును సాక్షిగా పిలిపించి ఊండ్ సర్టిఫికెట్‌ను ఎగ్జిబిట్‌గా గుర్తు వేయిస్తాడు. ఆ డాక్టరును ఎదురు ప్రశ్నించి క్రాస్ చేసేవాడు ఉండడు. తన బావమరిది తాగుతాడని తెలియదనీ, బండి ఇచ్చేటప్పుడు జాగ్రత్త తీసుకున్నాననీ యజమాని బోనెక్కి చెప్పుకునే అవకాశం అక్కడితో జారిపోతుంది. అందుచేత సమన్లు అందిన వారంలోనే సొంత న్యాయవాదికి వకాలత్ ఇచ్చి, కంపెనీ వేసే కౌంటరుతో, అంటే రాతపూర్వక జవాబుతో, సంబంధం లేకుండా తన కౌంటరు తాను వేయించుకోవాలి. ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇప్పటికే పడి ఉంటే, దాన్ని రద్దు చేయమని ఆలస్యం లేకుండా దరఖాస్తు పెట్టుకోవాలి.