సెడాన్‌కు కొత్త టైర్లు: వానలో ఆగేవాటినే ఎంచుకుందాం

[దృశ్యం: తడిసిన రోడ్డు. కెమెరా నేలకు ఆనినంత కిందుగా ఉంది. ఒక కారు బ్రేకు వేసి ఆగుతోంది. టైరు ముందు నుంచి నీళ్లు రెండు పక్కలకూ చిమ్ముతున్నాయి.]

నమస్కారం. కారుకు టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు చాలామంది దుకాణంలో మొదట అడిగేది ఒకటే: ‘ఎన్ని కిలోమీటర్లు వస్తాయి?’ డబ్బు పెట్టి కొనేవారు అలా అడగడంలో తప్పు లేదు. కానీ దానికన్నా ముందు అడగవలసింది ఒకటుంది: ‘ఈ టైరు తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుంది?’ ఈ వీడియో అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

టన్నుకు పైగా బరువుండే సెడాన్ రోడ్డును తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కో చోట ఆ జాగా దాదాపు అరచేయంత. బ్రేకు చక్రం తిరగకుండా పట్టుకుంటుంది, అంతే. కారు ఆగడానికి కావలసిన పట్టు ఆ నాలుగు అరచేతుల రబ్బరు నుంచే రావాలి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పూర్తిగా బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఎంత గొప్పదైనా, టైరు ఇవ్వలేని పట్టును అది సృష్టించలేదు.

[దృశ్యం: పాత టైరు ట్రెడ్‌కు దగ్గరగా కెమెరా. గాడిలో అడ్డంగా ఉన్న చిన్న రబ్బరు గట్టు మీద వేలు.]

ముందుగా, టైర్లు నిజంగా మార్చాలా అన్నది చూద్దాం. ట్రెడ్ మీద, అంటే రోడ్డును తాకే రబ్బరు భాగం మీద, నిలువుగా సాగే పెద్ద గాడుల్లోకి చూడండి. అక్కడక్కడ అడ్డంగా చిన్న గట్లు కనిపిస్తాయి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. ట్రెడ్ అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్టే. చాలా దేశాల చట్టాలు గీసిన గీత కూడా అదే. అయితే నేను ఆ గీత దాకా ఆగమని చెప్పను. కొత్త టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. నీటిని పక్కకు తోసేది ఆ లోతే. అది 3 మిల్లీమీటర్లకు చేరేసరికే వానలో ఆగే దూరం బాగా పెరిగిపోతుంది. పొడి రోడ్డు మీద తేడా తెలియదు కాబట్టి మనం గమనించం. అసలు ప్రమాదం ఆ తెలియకపోవడంలోనే ఉంది.

ఇప్పుడు అరచేతిని ట్రెడ్ మీద ఒక అంచు నుంచి మరో అంచుకు నెమ్మదిగా జరపండి. రెండు అంచులూ అరిగి మధ్య భాగం బాగుంటే, చాలాకాలంగా గాలి తక్కువగా ఉందన్నమాట. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే నున్నబడితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు ఉండాల్సిన కోణం, తప్పింది. ఎగుడుదిగుడుగా గుంటలు గుంటలుగా చేతికి తగిలితే షాక్ అబ్జార్బర్లనూ సస్పెన్షన్‌నూ చూపించాలి. ఆ లోపం సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే, పాతవి ఎలా పోయాయో ఇవీ అలాగే పోతాయి. కాబట్టి పాత టైర్లు పారేసే ముందు అవి చెప్పేది వినండి.

టైరు పక్కభాగం ఎక్కడైనా ఉబ్బి కనిపిస్తే మాత్రం అరుగుదల లెక్క చూడకండి. లోపలి దారాలు తెగాయి కాబట్టే గాలి ఒత్తిడికి అక్కడ ఉబ్బింది. దానికి మరమ్మతు లేదు. ఆ టైరుతో హైవే ఎక్కవద్దు.

[దృశ్యం: డ్రైవర్ తలుపు తెరిచి ఉంది. స్తంభం మీద అతికించిన చిన్న పట్టిక. తర్వాత టైరు పక్కభాగం మీది అంకెలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి: 205/55 ఆర్ 16 91 వి.]

ఇక సైజు. డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక పట్టిక కనిపిస్తుంది. కొన్ని కార్లలో అది ఇంధన ట్యాంకు మూత లోపల ఉంటుంది. యజమాని చేతిపుస్తకంలోనూ ఉంటుంది. కారు తయారీదారు ఏ సైజు వేయమన్నాడో, ఎంత గాలి పెట్టమన్నాడో అందులో రాసి ఉంటుంది. ప్రస్తుతం కారుకున్న టైరును చూసి సైజు చెప్పకండి. ముందు వాడినవారు తప్పు సైజు వేయించి ఉండవచ్చు.

తెర మీద కనిపిస్తున్న వరుసను చదువుదాం. 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, అంటే సుమారు 113 మిల్లీమీటర్లు. ‘ఆర్’ అంటే రేడియల్, లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే నిర్మాణం. 16 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. వీటిని చాలామంది సరిగానే చూస్తారు. చివరి రెండింటినే పట్టించుకోరు. 91 బరువు సూచిక. ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదని దాని అర్థం. ‘వి’ వేగ సూచిక. గంటకు 240 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని అర్థం. ‘హెచ్’ అయితే 210, ‘టి’ అయితే 190.

‘ఆ వేగంతో నేనెప్పుడు వెళ్తాను?’ అని మీరు అడగవచ్చు. వేగ సూచిక వెనక ఉన్నది వేడి. టైరు ఎంత వేడిని తట్టుకుని తన ఆకారం, బలం నిలుపుకోగలదో అది చెబుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, గంటల తరబడి హైవే ప్రయాణం. ఆ పరీక్ష ప్రతి కారుకూ ఎదురవుతుంది. కాబట్టి పట్టికలో ఉన్న బరువు సూచికకన్నా, వేగ సూచికకన్నా తక్కువది తీసుకోవద్దు. ఎక్కువది తీసుకుంటే ఇబ్బంది లేదు. బ్యాటరీ కారైతే ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉండండి, బ్యాటరీ బరువు తక్కువేమీ కాదు.

[దృశ్యం: ఒకే రిమ్ సైజున్న రెండు టైర్లు పక్కపక్కన. ఒకటి కాస్త పొడవుగా ఉంది. మధ్యలో కొలత గీతలు.]

‘కాస్త వెడల్పువి వేయించండి, కారు నిండుగా కనిపిస్తుంది’ అనే సలహా మీకు తప్పకుండా వినిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 205/55 ఆర్ 16 టైరు మొత్తం వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 215/60 ఆర్ 16 వేస్తే 664 అవుతుంది. అంకెల్లో చిన్న తేడాగా కనిపించినా వ్యాసం 5 శాతం పెరిగింది. స్పీడోమీటరు అదే వేగం చూపిస్తున్నా కారు ముందుకన్నా 5 శాతం వేగంగా వెళ్తుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకునే అవకాశమూ ఉంది.

రిమ్‌తో సహా మార్చి 225/45 ఆర్ 17 వేస్తే వ్యాసం 634, దాదాపు సమానమే. మలుపుల్లో స్టీరింగ్ మరింత చురుగ్గా స్పందిస్తుంది కూడా. అందుకు బదులుగా పక్కభాగం 12 మిల్లీమీటర్ల మేర తగ్గుతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను తీసుకోవాల్సిన గాలి, రబ్బరు అంత మేరకు తగ్గాయి కాబట్టి ఆ దెబ్బ రిమ్‌కు తగులుతుంది. పైగా వెడల్పు టైరు ఒకేసారి ఎక్కువ నీటిని తోయాలి. అంటే నీరు నిలిచిన రోడ్డు మీద తక్కువ వేగానికే తేలిపోవచ్చు. రోజూ ఇంటికీ ఆఫీసుకూ నడిచే సెడాన్‌కు ఈ బేరం నాకు నచ్చదు. తయారీదారు చెప్పిన సైజులోనే మంచి టైరు కొనండి. సైజు పెంచడానికి పెట్టే డబ్బు నాణ్యత మీద పెడితే కారులో కూర్చున్న అందరికీ మేలు.

[దృశ్యం: తెర మీద మూడు మాటలు త్రికోణంలో: తడిలో పట్టు, ఇంధన పొదుపు, మన్నిక.]

ఇప్పుడు అసలు ఎంపిక. టైరు తయారుచేసేవారు ఈ మూడింటి మధ్య ఎప్పుడూ పెనుగులాడుతుంటారు. గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది, కానీ తడిలో పట్టు తగ్గుతుంది. మెత్తని రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. ట్రెడ్ రబ్బరులో సిలికా కలపడం మొదలయ్యాక ఈ పెనుగులాట కొంత తగ్గింది. తడిలో పట్టు చెడకుండానే ఇంధనం ఆదా చేసే టైర్లు అలా వచ్చాయి. అయినా మూడింటిలోనూ సాటిలేని టైరు అంటూ ఒకటి లేదు. దేన్ని వదులుకోవాలో మీరే తేల్చుకోవాలి. నా మాట అడిగితే, మన్నికలో కొన్ని వేల కిలోమీటర్లు తగ్గినా తడిలో పట్టు ఎక్కువున్నదే తీసుకోమంటాను. దారికి అడ్డంగా పిల్లవాడు వచ్చినప్పుడు ఆదా చేసిన కిలోమీటర్లు మనకు అక్కరకు రావు.

పట్టు ఎంతో తెలిసేది ఎలా? ఐరోపాలో అమ్మే టైర్ల మీద ఒక లేబుల్ ఉంటుంది. 2021 మే నుంచి అది ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు అయిదు తరగతుల్లో వస్తోంది. ఒక పక్క ఇంధన పొదుపు, మరో పక్క తడిలో పట్టు, కింద శబ్దం. ఆ శబ్దం అంకె కారు బయట వినిపించేది. లోపల ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అది చెప్పదు. అమెరికా పద్ధతిలో అయితే టైరు పక్కభాగం మీదే మూడు గుర్తులు అచ్చయి ఉంటాయి. ట్రెడ్‌వేర్ అంకె, తడిలో పట్టుకు ‘ఎఎ’ నుంచి ‘సి’ వరకు తరగతి, వేడిని తట్టుకోవడానికి ‘ఎ’ నుంచి ‘సి’ వరకు తరగతి. ట్రెడ్‌వేర్ 400 అని ఉంటే నలభై వేల కిలోమీటర్లు అనుకోకండి. 100 అంకె ఉన్న ప్రామాణిక టైరుతో పోల్చి తయారీ కంపెనీయే ఇచ్చుకునే అంకె అది. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది. రెండు కంపెనీల మధ్య పోలికకు దాని మీద ఆధారపడకండి.

లేబుల్ కొత్త టైరు సంగతే చెబుతుంది. సగం అరిగాక ఎలా ఉంటుందో తెలియాలంటే, ఒకే కారుకు వేర్వేరు టైర్లు బిగించి బ్రేకు దూరం కొలిచే స్వతంత్ర పరీక్షలు చూడాలి. అచ్చంగా మీ సైజుకే జరిగిన పరీక్ష దొరికితే దాన్ని మించినది లేదు.

వాతావరణం గురించి రెండు మాటలు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పడిపోయినప్పుడు వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. చలికాలం టైరు ఎండల్లో మెత్తబడి ఇట్టే అరుగుతుంది. మంచు పడని చోట వేసవి టైరే సరైనది. మంచు కురిసే చోట మూడు శిఖరాల కొండ మధ్య మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి. ‘ఎం ప్లస్ ఎస్’ అక్షరాలు మాత్రమే ఉంటే సరిపోదు, ఆ అక్షరాల వెనక పరీక్ష ఏదీ ఉండదు.

[దృశ్యం: టైరు పక్కభాగం. డాట్ అనే అక్షరాల వెంట సాగిన కెమెరా చివరి నాలుగు అంకెల దగ్గర ఆగుతుంది: 3724.]

డబ్బు ఇచ్చే ముందు ఒక్క నిమిషం. పక్కభాగం మీద ‘డాట్’ అని మొదలయ్యే వరుస వెతకండి. దాని చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. ఇక్కడ 3724 ఉంది, అంటే 2024వ సంవత్సరం 37వ వారం. ఆ అంకెలు ఒక పక్కే ఉండవచ్చు, కనబడకపోతే టైరు తిప్పి చూడండి. రోడ్డు ఎక్కకపోయినా రబ్బరు ముదురుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న టైరును కొత్తదని ఇస్తే తీసుకోవద్దు, తగ్గింపు ఎంత ఇచ్చినా సరే. ట్రెడ్ ఎంత మిగిలినా అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించండి. పదేళ్లు దాటితే తీసేయండి. ఈ లెక్క స్టెప్నీకి కూడా వర్తిస్తుంది.

[దృశ్యం: పై నుంచి చూసిన కారు బొమ్మ. వెనక రెండు చక్రాలు వెలుగుతాయి.]

నాలుగూ ఒకేసారి మార్చగలిగితే మంచిది. రెండే కొంటుంటే అవి ఎక్కడ వేయాలన్న దాని మీద వాదనలు నడుస్తుంటాయి. చాలా సెడాన్లలో ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది, స్టీరింగ్ తిరిగేదీ అవే, కాబట్టి కొత్తవి ముందుకే అని మెకానిక్ అనవచ్చు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయినా కొత్తవి వెనకే వేయించండి. నీటి మీద ముందు టైర్లు పట్టు వదిలితే కారు తిన్నగా పోతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వేగం తగ్గి పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక టైర్లు పట్టు వదిలితే కారు గిర్రున తిరిగిపోతుంది. దాన్ని సరిచేయడం అనుభవజ్ఞులకే కష్టం. ఒకే ఇరుసుకు రెండు రకాల టైర్లు మాత్రం ఎన్నడూ వద్దు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కారైతే, నాలుగింటి వ్యాసం దాదాపు సమానంగా ఉండాలి. లేకుంటే గేరు వ్యవస్థ మీద భారం పడుతుంది.

[దృశ్యం: చక్రాన్ని బ్యాలెన్సింగ్ యంత్రానికి ఎక్కిస్తున్నారు.]

బిగించే దగ్గర నిలబడి చూడండి. తిరిగే దిక్కు చూపే బాణం ఉంటే, కారు ముందుకు కదిలినప్పుడు చక్రం తిరిగే వైపే ఆ బాణం ఉండాలి. ‘బయటి వైపు’ అని అచ్చయి ఉంటే ఆ పక్క బయటికే కనిపించాలి. రబ్బరు వాల్వులు కొత్తవి వేయించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించండి. గాలి మాత్రం తలుపు స్తంభం మీది పట్టిక ప్రకారం, టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టించాలి. టైరు పక్కభాగం మీద కనిపించే ఒత్తిడి అంకె గరిష్ఠ పరిమితి, మీ కారుకు చెప్పినది కాదు.

కొత్త టైరు పైపొర మొదట్లో నున్నగా ఉంటుంది. తొలి కొన్ని వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, పదునైన మలుపులు లేకుండా నడపండి. బయలుదేరిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు చక్రాల నట్లు సరైన బిగువులో ఉన్నాయో లేదో బిగువును కొలిచే టార్క్ రెంచీతో ఒకసారి చూపించుకోండి.