పికప్ మారిస్తే టోన్ ఎందుకు మారుతుంది? ముందు ఆ ఓమ్స్ అంకెను పక్కన పెట్టండి

[దగ్గరి షాట్: పికప్ వైర్లకు మల్టీమీటర్ తగిలించి ఉంది. రీడింగ్ 8.0 కిలో ఓమ్స్]

"ఇది 8 కిలో ఓమ్స్, అది 14 కిలో ఓమ్స్. అంటే అది దాదాపు రెండింతలు పవర్‌ఫుల్ కదా?" గిటార్‌కి పికప్‌లు మార్చాలనుకునే ప్రతి ఒక్కరి నోటా ఇదే మాట. పికప్ అంటే స్ట్రింగ్‌ల కింద ఉండే భాగం: అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది, స్ట్రింగ్ కదలికను కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది. ఓమ్స్ అంటే ఆ తీగ రెసిస్టెన్స్, కరెంటుకి అది ఎంత అడ్డుపడుతుందన్న కొలత. అమ్మేవాళ్లు కూడా ఆ అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తారు. నాకు మహా చిరాకు. దయచేసి ఆ ఒక్క అంకె చూసి డబ్బు పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో మీ కళ్లతోనే చూడండి.

ఇదిగో, ఈ పికప్‌ని గుప్పిట్లో పట్టుకుంటున్నాను. మీటర్ మీదే కన్నుంచండి.

[కట్. రీడింగ్ 8.3]

చూశారా? ఒక్క చుట్టు కూడా పెరగలేదు, చేతి వేడి తగిలిందంతే. రాగి పది డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్స్ దాదాపు 4 శాతం పెరుగుతుంది. ఇంకోటి కూడా ఉంది. 42 గేజ్ తీగ తీసేసి, అంతకంటే సన్నటి 43 గేజ్ తీగతో అన్నే చుట్లు చుట్టామనుకోండి. ఓమ్స్ సుమారు నాలుగో వంతు పెరుగుతాయి, అవుట్‌పుట్ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది. అంటే తీగ ఎంత పొడవు, ఎంత సన్నం అన్నదే ఆ అంకె చెప్తుంది. ఒకే తీగ, ఒకే డిజైన్ ఉన్న రెండు పికప్‌లను పోల్చడానికైతే పనికొస్తుంది. అంతకు మించి దాని మీద ఆధారపడకండి.

మరి టోన్‌ని తేల్చేదేంటి? ఇండక్టెన్స్. అంటే వేగంగా మారే కరెంటుకి కాయిల్ (ఆ తీగ చుట్ట) ఎంత అడ్డుపడుతుందన్న కొలత. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

పికప్‌ని ఒక జల్లెడ అనుకోండి. స్ట్రింగ్ కదలికలో లోతైన బేస్ నుంచి సన్నటి ట్రెబుల్ దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఉంటాయి. జల్లెడలో పోస్తున్నది దాన్నే. ఇండక్టెన్స్ పెరిగేకొద్దీ ట్రెబుల్ జల్లెడలోనే ఉండిపోతుంది, కిందకి రాలదు. అయితే ఇది మామూలు జల్లెడ కాదు. సరిగ్గా ఆ హద్దు దగ్గరున్న ఫ్రీక్వెన్సీలు మిగతావాటికంటే ఎక్కువగా రాలతాయి. దాన్నే రెసొనెంట్ పీక్ అంటారు. ఒక పికప్ మెరుస్తున్నట్టు, ఇంకోటి మందంగా వినిపించడానికి అసలు కారణం ఆ పీక్ ఎక్కడుందన్నదే.

అంకెలు చెప్తాను. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ తరహా సింగిల్ కాయిల్ (ఒకే తీగ చుట్ట ఉన్న పికప్) ఇండక్టెన్స్ సుమారు 2.5 హెన్రీలు. పాత తరహా హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్)ది 4.5 దాకా. బాగా ఎక్కువ చుట్లు చుట్టిన హంబకర్‌ది 8 వరకూ పోతుంది. వీటికి మీ గిటార్ కేబుల్ కెపాసిటెన్స్ (ఛార్జ్‌ని పట్టి ఉంచే గుణం) తోడవుతుంది. మామూలు కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు వేసుకోండి. ఐదు మీటర్ల కేబుల్, కాయిల్ సొంత కెపాసిటెన్స్ కలిపి 600 అనుకుంటే, సింగిల్ కాయిల్ పీక్ 4 కిలోహెర్ట్జ్ దగ్గర, హంబకర్‌ది 3 దగ్గర, ఆ బరువైన హంబకర్‌ది 2.3 దగ్గర వస్తుంది. మీరు "బ్రైట్", "వార్మ్" అని పిలుచుకునే తేడాలో పెద్ద వాటా ఇదే.

కేబుల్ కూడా జల్లెడలో భాగమేనని గమనించండి. కేబుల్ పొడవు పెంచితే పీక్ కిందకి జారుతుంది. పికప్ రివ్యూలు చెప్పేవాళ్లు ఏ కేబుల్ వాడారో చెప్పకపోవడం నాకు అస్సలు నచ్చదు.

వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ తిప్పితే మారే రెసిస్టర్) కూడా అంతే. సింగిల్ కాయిల్‌కి సాధారణంగా 250 కిలో ఓమ్స్, హంబకర్‌కి 500 పెడతారు. హంబకర్‌కి 250 పెడితే పీక్ అణిగిపోతుంది, మందంగా పలుకుతుంది. అప్పుడు పికప్ బాలేదని తిట్టుకుంటారు పాపం. జల్లెడ మంచిదే, దాని మీద గుడ్డ కప్పింది మీరే!

ఇక హంబకర్ సంగతి. గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ దీన్ని తయారుచేసి 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేశారు, 1959లో మంజూరైంది. రెండు కాయిల్స్, వాటి చుట్ల దిశ ఎదురెదురు, అయస్కాంత ధ్రువాలూ ఎదురెదురు. అందుకే కరెంటు లైన్ల నుంచి వచ్చే హమ్ (గుంయ్‌మనే శబ్దం) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, స్ట్రింగ్ సిగ్నల్ మాత్రం కలుస్తుంది. అందరూ కొనాలని కలలుగనే ఆ కాలపు హంబకర్లు మీటర్ మీద 7 నుంచి 9 కిలో ఓమ్స్ చూపిస్తాయి. ఓమ్సే అన్నీ అయితే వాటిని ఎవరూ పట్టించుకోకూడదు కదా!

అన్నిటికంటే ముఖ్యమైన మాట: జల్లెడలో పోసిందే రాలుతుంది. స్ట్రింగ్‌లు తుప్పుపట్టి ట్రెబుల్ చచ్చిపోయి ఉంటే ఎంత ఖరీదైన పికప్ పెట్టినా అది తిరిగి రాదు. జల్లెడ ఎక్కడ పట్టుకున్నారన్నదీ అంతే ముఖ్యం. ఓపెన్ స్ట్రింగ్‌లో బ్రిడ్జ్ (గిటార్ బాడీ మీద స్ట్రింగ్ ఆనే చోటు) నుంచి సరిగ్గా నాలుగో వంతు దూరంలో నాలుగో హార్మోనిక్ (అసలు నోట్‌కి నాలుగింతల ఫ్రీక్వెన్సీ) కదలదు. అక్కడున్న నెక్ పికప్‌కి ఆ హార్మోనిక్ దాదాపు అందదు. అదే స్ట్రింగ్‌ని బ్రిడ్జ్ దగ్గర పికప్‌తో వింటే వినిపిస్తుంది. ఈ తేడాను ఏ బ్రాండూ చెరపలేదు.

టైమ్ దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అయస్కాంతం: అల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన అయస్కాంతం) 2 కాస్త మెత్తన, అల్నికో 5 దానికంటే బలం, సిరామిక్ ఇంకా బలం. బలం పెరిగితే అవుట్‌పుట్ పెరుగుతుంది. కానీ బలమైన అయస్కాంతం మరీ దగ్గరుంటే స్ట్రింగ్‌నే లాగేస్తుంది. పై ఫ్రెట్‌లలో ఒక్క నోటే రెండు శ్రుతుల్లో పలికినట్టు వణుకుతుంది. అందుకే కొత్తది కొనేముందు ఉన్న పికప్ ఎత్తు మార్చి వినండి. స్క్రూ అర చుట్టు తిప్పినా తేడా తెలుస్తుంది, పైసా ఖర్చు లేదు.

మైనం పట్టించని పికప్‌ని ఎక్కువ గెయిన్‌లో వాడితే కీచుమని కూత పెట్టొచ్చు. నాలుగు వైర్ల హంబకర్ అయితే ఒక కాయిల్ మాత్రమే వాడుకునేలా స్విచ్ పెట్టుకోవచ్చు.

చివరిది ఫేజ్, అంటే రెండు పికప్‌ల సిగ్నల్స్ ఒకే దిశలో కదులుతున్నాయా లేదా అన్నది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపితే, రెండూ కలిసి మోగే పొజిషన్‌లో శబ్దం పీలగా, బేస్ లేకుండా రావచ్చు. ముల్లు ఉన్న మీటర్ తగిలించి, స్క్రూడ్రైవర్‌తో పోల్స్ (పికప్ పైన కనిపించే లోహపు మొనలు) తాకండి. రెండు పికప్‌లకూ ముల్లు ఒకే వైపు కదలాలి. ఎదురుగా కదిలితే ఒకదాని రెండు వైర్లూ అటూ ఇటూ మార్చండి. కాకపోతే వాటిలో ఒక వైరు మెటల్ కవర్‌కి కలిసి ఉంటే మార్చకూడదు, కవర్ నుంచి హమ్ వస్తుంది. ముందు ఆ వైరుని కవర్ నుంచి విడదీసి, కవర్‌కి వేరే గ్రౌండ్ వైరు వేయాలి. ఇదంతా సోల్డరింగ్‌కి ముందే చూసుకోండి.